రోటి నుంచి మిక్సీ వరకు: తెలుగు వంటింట మన్నిక అనే భావన

తక్కువ ధరలో దొరికి, రోజూ వాడినా పదికాలాలపాటు మన్నే మిక్సీ ఏది? మధ్యతరగతి ఇళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు తప్పక వినిపించే ప్రశ్న ఇది. సాహిత్య పరిశోధకులు దీన్ని తమ పరిధిలోని విషయంగా తలచరు. అది అంగడివారికో, విద్యుత్ పరికరాల నిపుణులకో సంబంధించినదిగా భావించి వదిలివేస్తారు. అయితే ఈ ప్రశ్నలోని 'మన్నిక' అనే మాటను కొంచెం నిదానించి చూస్తే దాని మూలం జీవించడం అనే అర్థం గల 'మను' ధాతువులో కనిపిస్తుంది. బట్ట మన్నింది, ఇల్లు మన్నింది అన్నప్పుడు తెలుగువారు వస్తువుకు ఆయుర్దాయాన్ని ఆపాదిస్తున్నారు. ఆ ఆయుర్దాయాన్ని దేనితో కొలిచారు, ఆ కొలత ఎప్పుడు మారింది అన్నది భాషాచరిత్రకూ సామాజిక చరిత్రకూ చెందిన విషయమే.

ఒక యంత్రం తెలుగు వంటింట్లో మన్నుతుందా లేదా అన్నది ఆ వంటింటి క్రియాపదాలను బట్టి నిర్ణయమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. దంచడం, నూరడం, రుబ్బడం, విసరడం అనే నాలుగు పనులను ఒకే మోటారు మీద మోపినప్పుడు ఏం జరిగిందో పరిశీలించడం దీని లక్ష్యం.

నాలుగు క్రియలు

ఇంగ్లీషు వాడుకలో 'గ్రైండ్' అనే ఒక్క మాట మోసే భారాన్ని తెలుగు కనీసం నాలుగు క్రియలకు పంచింది. వడ్లు, కారం, పసుపు దంచుతారు. పచ్చడి నూరుతారు. నానిన మినపపప్పు రుబ్బుతారు. కందులు, పెసలు విసురుతారు. ఇవి పర్యాయపదాలు కావు. దంచడంలో బలం పైనుంచి కిందికి పడుతుంది. వస్తువు పొడిగా ఉంటుంది. నూరడంలో రాతిని ముందుకూ వెనుకకూ నడిపిస్తారు. వస్తువు తడితోనో తనలోని రసంతోనో మెత్తనవుతుంది. రుబ్బడంలో పొత్రం గుండ్రంగా తిరుగుతుంది. నానిన గింజ నీటితో కలిసి పిండి అవుతుంది. విసరడంలో రెండు రాళ్ళ నడుమ పొడి గింజ పగులుతుంది. వడ్లు రుబ్బుతానన్నా, మినపపప్పు దంచుతానన్నా వినేవారు నవ్వుతారు. 1852 నాటి బ్రౌను నిఘంటువులో ఈ క్రియలన్నీ వేరువేరు ఆరోపాలుగా ఉన్నాయి.

ప్రతి క్రియకూ ఒక పనిముట్టు ఉంది. దంచడానికి రోలూ రోకలీ, నూరడానికి సన్నికల్లు, రుబ్బడానికి రుబ్బురోలూ పొత్రమూ, విసరడానికి తిరగలి. తెలంగాణంలో తిరగలిని ఇసుర్రాయి అంటారు. అక్కడ క్రియే పనిముట్టుకు పేరైంది. తొక్కు అనే పచ్చడి పేరు కూడా క్రియనుంచి వచ్చిందే. చిన్న చిన్న భాగాలకు సైతం పేర్లున్నాయి. రోకలి కొనకు తొడిగిన ఇనుప కట్టు పొన్ను. గింజ చిందకుండా రోటిమీద పెట్టేది కుందెన.

ఈ పేర్ల ప్రాచీనత గురించి తెలుగు శాఖల్లోని వారికి కొత్తగా చెప్పవలసింది లేదు. తమిళంలో ఉరల్, కన్నడంలో ఒరళు అయినది తెలుగులో రోలు అయింది. పదాది వర్ణవ్యత్యయానికి తరగతిలో చెప్పే ఉదాహరణల్లో ఇది ఒకటి. తమిళ ఉలక్కై, తెలుగు రోకలి సైతం జ్ఞాతులే. అంటే ఈ వస్తువులు తెలుగు తెలుగుగా విడివడక ముందునుంచీ ఈ జాతుల ఇళ్ళలో ఉన్నాయి. ఇంతటి చరిత్ర గల వస్తువులు రెండు మూడు తరాల వ్యవధిలో వంటింటినుంచి పెరట్లోకి, పెరటినుంచి జ్ఞాపకంలోకి జరిగిపోయాయి. సామెతలు మాత్రం కదలలేదు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్లు అనే సామెతను రోలును ఎన్నడూ తాకని విద్యార్థి కూడా అర్థం చేసుకోగలడు. ఒకవైపు దెబ్బలు తినేది రెండువైపులా దెబ్బలు తినేదానితో చెప్పుకోవడంలోని హాస్యం వస్తువు లేకున్నా మిగిలింది.

సన్నికల్లు: మన్నికకు గుర్తు

వివాహంలో వధువు చేత సన్నికల్లు తొక్కించే ఆచారం ఉంది. సంస్కృతంలో దీనికి అశ్మారోహణమని పేరు. ఆ రాతివలె స్థిరంగా ఉండుమన్నది అక్కడి మంత్రార్థం. వైదిక కర్మకు రాయి చాలు. తెలుగు ఇల్లు మాత్రం ఆ రాతి స్థానంలో నిత్యం నూరుకునే సన్నికల్లునే పెట్టింది. స్థిరత్వానికి గుర్తు కొండలోనో గుడిలోనో కాక వంటింట్లో దొరికింది. సన్నికల్లు దాచితే పెళ్ళి ఆగుతుందా అనే సామెత ఈ ఆచారం మీద ఆధారపడే పుట్టింది. పెళ్ళిపనులకు ముందు రోలూ రోకలికి పసుపు కుంకుమలు పెట్టి పసుపు దంచే వేడుక కూడా ఈ వరుసలోనిదే.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. రాయి శాశ్వతమనీ, యంత్రం క్షణికమనీ చెప్పుకోవడం తేలిక. రాతి పనిముట్టుకు కూడా నిరంతర పోషణ అవసరమయ్యేది. వాడేకొద్దీ తిరగలి, సన్నికల్లు, రుబ్బురోలు నున్నబడతాయి. నున్నబడిన రాయి గింజను పట్టుకోదు, జారవిడుస్తుంది. అందుకే కొంతకాలానికొకసారి ఉలితో గంట్లు కొట్టించేవారు. రాతిపని వృత్తిగా గల వడ్డెర కుటుంబాలవారు రోళ్ళు తయారుచేయడంతోపాటు ఈ పని కోసం వీధుల్లో తిరిగేవారు. గంట్లు కొట్టిన తరువాత మొదటి వాయి నూకలనో తవుడునో వేసి రుబ్బి పారబోసేవారు, రాతిపొడి పోయేందుకు. రోలు తరతరాలు మన్నిందంటే దాని వెనుక ఉలి పట్టిన ఒక చేయి ఉందని మరువరాదు. మన్నిక అంటే పాడవకపోవడమని కాక, మళ్ళీ బాగుచేసుకోవడానికి వీలుండడమని ఆనాటి గృహిణికి తెలుసు. ఈ రెండో అర్థం మిక్సీ చరిత్రలో ఎలా నిలిచిందో ముందు చూద్దాం.

మర, గిర్ని

రోటికీ మిక్సీకీ నడుమ ఒక దశ ఉంది. అది ఊరి మర. వడ్లమర, పిండిమర వచ్చిన తరువాత దంచడమూ విసరడమూ చాలావరకు ఇంటినుంచి బయటికి వెళ్ళాయి. ఈ దశ భాషలో ఒక స్పష్టమైన గుర్తును విడిచింది. కోస్తా ప్రాంతంలో మర ఆడించడం, పిండి పట్టించడం అన్నారు. తెలంగాణలో గిర్ని పట్టించడం అన్నారు. రెండూ ప్రేరణార్థక రూపాలే. పని తాను చేయదు, మరొకరిచేత చేయిస్తుంది. ఆ తరువాత యంత్రం ఇంటికి చేరినప్పుడు 'ఇంచు' ప్రత్యయం జారిపోయి 'మిక్సీ పట్టు' అయింది. రోటి క్రియల్లో ఒక్కటి కూడా మిక్సీకి పూర్తిగా అంటలేదు, అంటింది మర క్రియే. దీన్నిబట్టి తెలుగు వ్యవహర్త మిక్సీని ఇంటికి వచ్చిన చిన్న మరగా చూశాడే తప్ప, విద్యుత్తుతో తిరిగే రోలుగా చూడలేదని ఊహించవచ్చు.

పానీయాల యంత్రం, పప్పుల పని

వంటింటి బ్లెండరు పుట్టింది అమెరికాలో. స్టీఫెన్ పోప్లావ్‌స్కీ 1922లో రూపొందించిన యంత్రం ఉద్దేశం సోడా దుకాణాల్లో మాల్టు కలిపిన పాలను చిలకడం. పాత్ర అడుగున తిరిగే రెక్కలు అన్నది ఆయన ఆలోచన. ఫ్రెడ్ ఓసియస్ దాన్ని మెరుగుపరచగా, వాద్యబృంద నాయకుడు ఫ్రెడ్ వేరింగ్ పెట్టుబడితోనూ పేరుతోనూ 1937లో అది అంగడికి వచ్చింది. ఈ వంశవృక్షాన్ని గుర్తుంచుకోవాలి. ఆ యంత్రానికి పుట్టుకతో వచ్చిన క్రియ ఒక్కటే: చిలకడం. అది కూడా ద్రవాన్ని. పాలు, పండ్లరసం, కొద్దిగా మంచు. తెలుగు లెక్కలో అది కవ్వం చేసే పని. రోలు చేసే పని కాదు.

అటువంటి యంత్రమే ఐరోపా మీదుగా భారతదేశానికి వచ్చినప్పుడు ఎదురైన కష్టం ఒక ప్రసిద్ధ ఉదంతంలో నిక్షిప్తమై ఉంది. బొంబాయిలో సీమెన్స్ సంస్థలో ఇంజనీరుగా ఉన్న సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో బ్రౌన్ కంపెనీ మిక్సరు ఉండేది. ఆయన భార్య మాధురీ మాథుర్ వాడుకలో దాని మోటారు కాలిపోయింది. ఇక్కడ దాన్ని బాగుచేయించుకునే మార్గం కనబడలేదు. భారతీయ వంటకు తట్టుకునే యంత్రాన్ని తయారుచేయవలసిందిగా ఆమె భర్తను కోరారని చెబుతారు. 1963లో పవర్ కంట్రోల్ అండ్ అప్లయన్సెస్ అనే సంస్థ ఏర్పడింది. దాని ఉత్పత్తే సుమీత్ మిక్సీ. 500 వాట్ల స్థాయి మోటారు, పొడినీ తడినీ భరించే ఉక్కు జార్లు దాని ప్రత్యేకత. 1970, 80 దశాబ్దాల్లో అనేక దక్షిణాది ఇళ్ళలో మిక్సీ అనడానికి బదులు సుమీత్ అనేవారు.

ఈ ఉదంతాన్ని వ్యాపార చరిత్రకారులు ఒక పారిశ్రామికుని విజయగాథగా చెబుతారు. నా దృష్టిలో ఇందులోని ప్రధానపాత్ర కాలిపోయిన మోటారు. జర్మనీలో అది మన్నికైన యంత్రమే. ఇక్కడ కాలిపోవడానికి కారణం నాణ్యతాలోపం కాదు, క్రియాభేదం. చిలకడానికి పుట్టిన మోటారుచేత రుబ్బించారు.

దక్షిణంలో మరొక మార్గం కూడా తెరుచుకుంది. కోయంబత్తూరులో పి. సభాపతి 1955లో విద్యుత్తుతో నడిచే రాతి రుబ్బురోలును రూపొందించారు. మనం ఇప్పుడు గ్రైండరు అని పిలిచేది దానినే. ఇది రోటిని తొలగించలేదు. రోటికి మోటారు బిగించింది. రాయి రాయిగానే మిగిలింది. చేతితో తిప్పే రుబ్బురోలులో రోలు నిలిచి పొత్రం తిరిగేది. గ్రైండరులో పాత్ర తిరుగుతూ పొత్రం తన చోట ఉంటుంది. ఆ తలకిందులు తప్ప తక్కిన సూత్రం ఒకటే. కోయంబత్తూరు గ్రైండరుకు తరువాతి కాలంలో భౌగోళిక గుర్తింపు సైతం లభించింది. ఆంధ్రదేశపు ఇడ్లీ, గారె, దోసెల పిండికి నమ్మదగిన సాధనంగా అది హోటళ్ళలో ముందు, ఇళ్ళలో వెనుక స్థిరపడింది.

మూడు జార్లలో నాలుగు పనిముట్లు

భారతీయ మిక్సీతో వచ్చే జార్లు సాధారణంగా మూడు. పెద్దది పానీయాలకు, నడిమిది తడి, పొడి పిండ్లకు, చిన్నది పచ్చడికి. ఇంగ్లీషులో ఈ చిన్న జారు పేరే చట్నీ జారు. అమెరికన్ బ్లెండరుకు గాజు పాత్ర ఒకటే చాలింది. ఇక్కడ మూడు ఎందుకు కావలసి వచ్చాయో ఆలోచిస్తే, వంటింటినుంచి వెళ్ళిపోయిన పనిముట్లు ఈ రూపంలో తిరిగి వచ్చాయని అనిపిస్తుంది. పెద్ద జారు కవ్వం. నడిమి జారు రుబ్బురోలు, తిరగలి, రోలు కలిసినది. చిన్న జారు సన్నికల్లు. ఇటువంటి యంత్రాలకు సంబంధించిన భారత ప్రమాణం 4250 శీర్షికలోనే మిక్సర్, లిక్విడైజర్, గ్రైండర్ అనే మూడు పేర్లూ ఉన్నాయి. ఒక్క పేరుతో దీన్ని పట్టుకోవడం ప్రమాణకర్తలకు కూడా సాధ్యపడలేదన్నమాట.

భాషలో మాత్రం దీనికి వ్యతిరేకమైనది జరిగింది. నాలుగు క్రియలు ఒక్క క్రియగా కుదించుకుపోయాయి. కారం మిక్సీ పడతారు, పచ్చడి మిక్సీ పడతారు, మినపపప్పు మిక్సీ పడతారు. భాష పేదదైపోయిందని దీన్ని చూసి విచారించేవారున్నారు. ఆ నిర్ణయం తొందరపాటు. పోయిన భేదం మరొక చోట తేలింది. నేటి వంటల పుస్తకాలు, పత్రికల్లోని వంటల శీర్షికలు చూస్తే క్రియకు ముందున్న విశేషణాలు పెరిగాయి: కచ్చాపచ్చాగా, బరకగా, పలుకులుగా, మెత్తగా, నీళ్ళు పోయకుండా, నీళ్ళు చిలకరించి, ఒక్క తిప్పు తిప్పి. కచ్చాపచ్చాగా మిక్సీ పట్టమంటే దంచమని అర్థం. కొద్దిగా నీళ్ళు చిలకరించి మెత్తగా పట్టమంటే నూరమని అర్థం. ఒకప్పుడు క్రియ మోసిన అర్థభారాన్ని ఇప్పుడు క్రియావిశేషణం మోస్తున్నది. మాండలిక వృత్తి పదకోశాలు 1962నాటి వ్యవసాయ సంపుటంతో మొదలై వృత్తుల పదజాలాన్ని సేకరించాయి. వంటింటి క్రియల నుంచి క్రియావిశేషణాలకు జరిగిన ఈ మార్పును కూడా అంతే శ్రద్ధతో నమోదు చేయవలసి ఉంది.

ఇదే సందర్భంలో 'రోటి పచ్చడి' అనే సమాసం సంగతి. పూర్వం ఈ మాట నిల్వ పచ్చడినుంచి వేరుచేసి చెప్పడానికి ఉపయోగపడేది. ఊరగాయ కానిది, అప్పటికప్పుడు నూరినది అని. ఇప్పుడు హోటలు ఫలకం మీద అదే మాట మిక్సీలో వేయనిది అనే అర్థంలో కనిపిస్తున్నది. ధర కూడా ఆ మేరకు ఎక్కువే. సమాసం అదే, ప్రతియోగి మారింది.

మోటారు ఎందుకు కాలుతుంది

మన్నికను గురించి వ్రాస్తూ యంత్రం లోపల ఏం జరుగుతుందో చెప్పకపోతే వ్యాసం గాలిలో ఉంటుంది. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్‌లు గల యూనివర్సల్ మోటారు. బరువు లేనప్పుడు అది నిమిషానికి 18,000 నుంచి 20,000 చుట్ల దాకా తిరుగుతుంది. దాన్ని చల్లబరిచే పంకా కూడా అదే ఇరుసు మీద ఉంటుంది. గట్టి పిండి వేసినప్పుడు వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే ఈ మోటారు మరింత కరెంటు లాగుతుంది, కనుక మరింత వేడెక్కుతుంది. అదే క్షణంలో పంకా కూడా నెమ్మదించి చల్లదనం తగ్గుతుంది. చల్లదనం అత్యవసరమైన వేళకే అది తగ్గడం ఈ యంత్రపు సహజ దౌర్బల్యం. గారెలపిండి దీనికి కఠిన పరీక్ష. గారెకు నీళ్ళు తక్కువ పోయాలి. నీళ్ళు తగ్గేకొద్దీ రెక్కలకు పిండి చుట్టుకుని ఆడదు. నీళ్ళు పోస్తే మోటారు బ్రతుకుతుంది, గారె చెడుతుంది. ఈ సంకటాన్ని ఎరిగిన ఇల్లాలు వాయిలు చిన్నవిగా వేసి, నడుమ నడుమ ఆపి, గరిటెతో తిప్పి మళ్ళీ వేస్తుంది. పిండి వేడెక్కకుండా చల్లని నీళ్ళు చిలకరించడం కూడా ఆమె కనిపెట్టిన ఉపాయమే.

పసుపు కొమ్ములు, ఎండుకొబ్బరి, శొంఠి వేరొక పరీక్ష. ఇవి రోకలికి తగినవి. జారులో వేస్తే రెక్కల అంచు మొండిబారుతుంది, ఇరుసు వంగుతుంది. ఉప్పూ చింతపండూ కలిసిన పచ్చడి మూడో పరీక్ష. జారు అడుగున ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగితే ఆ పులుపునీరు కిందికి దిగుతుంది. చాలా మిక్సీలు మోటారు కాలి పోవు. బుష్ కారి పోతాయి. అయినా కొనేవారు అడిగేది వాట్ల సంఖ్య. వాట్లు యంత్రం తీసుకునే శక్తిని చెబుతాయి, దాని ఆయుర్దాయాన్ని చెప్పవు. 750 వాట్ల మోటారుకు అల్యూమినియం తీగ చుట్టి ఉంటే, రాగి తీగ చుట్టిన 500 వాట్ల పాత మోటారు దానికంటే ఎక్కువకాలం మన్నవచ్చు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి సంఖ్య మాత్రమే.

ఈ యంత్రంలో నాకు మెచ్చదగినదిగా తోచే భాగం అన్నిటికంటే చవకైనది. మోటారునూ జారునూ కలిపే కప్లర్ అది. రబ్బరుతోనో నైలాన్‌తోనో చేస్తారు. జారు బిగుసుకుపోయినప్పుడు ముందుగా అదే అరిగో విరిగో మోటారును కాపాడుతుంది. అడుగున ఉండే ఎర్ర మీట పనీ ఇటువంటిదే. బరువు మితిమీరితే కరెంటు తెంచుతుంది. చాలామంది ఆ మీట ఉన్నదని తెలియకనే మిక్సీ చెడిపోయిందని సంచిలో పెట్టుకుని బజారుకు వెళతారు.

అగ్గువ, చవక

తెలంగాణలో అగ్గువ అనీ, కోస్తాలో చవక అనీ అనే దానికి రెండు లెక్కలున్నాయి: కొన్నరోజు లెక్క, వాడినన్నాళ్ళ లెక్క. రోటికి మొదటి లెక్క ఒక్కటే ఉండేది, ఆ తరువాత గంట్ల కూలి. మిక్సీతో రెండో లెక్క బరువైంది. బ్రష్‌లు, కప్లరు, బుష్, రెక్కల పదును వరుసగా వచ్చే ఖర్చులు. అయితే ఇవన్నీ విడివిడిగా దొరికేవి, బిగించగలిగేవి. చిన్న పట్టణాల్లో కుక్కరు గాస్కెట్లు, స్టవ్ బర్నర్లు బాగుచేసే దుకాణాలే మిక్సీలకు కూడా వైద్యం చేశాయి. రోళ్ళకు గంట్లు కొట్టే కేక వినపడడం తగ్గిన వీధుల్లోనే మిక్సీలు, గ్రైండర్లు, కుక్కర్లు బాగుచేస్తామనే కేక వినపడసాగింది. పనివాడు మారాడు, పనిముట్టు మారింది. వస్తువును పారవేయకుండా బాగుచేయించుకునే అలవాటు కొనసాగింది. 1980లనాటి మిక్సీ కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ తిరుగుతున్నదంటే కారణం ఇదే. మా ఇంటి మిక్సీకి మోటారు చుట్టించడం ఒకసారి, జార్లు మార్చడం రెండుసార్లు జరిగాయి. అది అదే మిక్సీయా అని తార్కికులు సందేహించవచ్చు, మా అమ్మకు ఆ సందేహం లేదు.

ఇప్పుడు ఈ అలవాటు సన్నగిల్లుతున్నది. విప్పడానికి వీలులేని అతుకులు, ఒక్కో నమూనాకు ఒక్కో కొలతలో ఉండే కప్లరు, జారు విడిగా కొంటే కొత్త యంత్రపు ధరలో సగానికి చేరడం ఇందుకు కారణాలు. అందువల్ల చవకైన మిక్సీ ఏదని అడిగేవారు ముందు అడగవలసింది దాని జారు, కప్లరు మన ఊరి దుకాణంలో దొరుకుతాయా అని. పాత తరం గృహిణులు రోలు కొనేటప్పుడు రాయి జాతి చూసినట్లే ఇది.

చవక అన్నది ఇంటి లెక్క మాత్రమే కాదని పొరుగు రాష్ట్రం చూపింది. 2011లో తమిళనాడు ప్రభుత్వం మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితంగా పంచే పథకాన్ని ప్రారంభించింది. వంటింటి శ్రమ రాజకీయ వాగ్దానానికి వస్తువైంది. తెలుగునాట ఈ భారాన్ని ఎక్కువగా మోసింది పెళ్ళి సారె. బిందెలు, పళ్ళేల పక్కన మిక్సీ చేరింది. సన్నికల్లు తొక్కిన వధువు వెంటనే రెండేళ్ళ వారంటీ గల యంత్రం అత్తవారింటికి వెళుతుంది. వారంటీ అట్ట మీద ముద్ర వేయించడం అన్నగారి బాధ్యత.

విదేశాల్లోని తెలుగువారికి ఇదే ప్రశ్న మరొక రూపంలో ఎదురైంది. మనదేశంలో ఇంటి విద్యుత్తు 230 వోల్టులు, అమెరికాలో 120 వోల్టులు. ఇక్కడినుంచి తీసుకువెళ్ళిన మిక్సీ అక్కడ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా నీరసంగా తిరుగుతుంది. బ్లెండరు పుట్టిన దేశంలో అక్కడి బ్లెండరుతో తృప్తిపడక 110 వోల్టుల భారతీయ మిక్సీలను కొనేవారుండడం వల్లనే ఇక్కడి కంపెనీలు ఆ నమూనాలను తయారుచేస్తున్నాయి. కందిపచ్చడి అడిగేది ఒక్కటే, అది నూరాలి.

కర్త

క్రియ మారింది, కరణం మారింది. కర్త విషయంలో ఏం జరిగింది?

దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు శ్రామిక గేయాల్లో ముఖ్యమైనవి. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' నుంచి ఇటీవలి పరిశోధనల వరకు వీటిని చర్చించని గ్రంథం అరుదు. ఈ పాటలు అంతరించిపోతున్నాయన్న విచారం ఆ చర్చల్లో తరచు వినిపిస్తుంది. పాట నడక రోకటి పోటుతో కుదిరి ఉండేదనీ, ఇద్దరు స్త్రీలు ఒకే రోట్లో మార్చి మార్చి వేసే పోటే దాని తాళమనీ మనం బోధిస్తాం. అది నిజం. మిక్సీ దగ్గర పాట సాధ్యం కాదన్నదీ నిజం. నిమిషానికి పద్దెనిమిది వేల చుట్లకు తాళం లేదు, ఆ చప్పుడులో మాట కూడా వినపడదు. ఇద్దరు కూర్చుని విసిరే తిరగలి స్థానంలో ఒక్కరే నిలబడి మీట తిప్పే యంత్రం వచ్చింది. కాని పాట పోయిందని బాధపడే పరిశోధకులలో తెల్లవారుజామున లేచి ఇంటిల్లిపాదికీ వడ్లు దంచిన అరచేతుల గురించి వ్రాసినవారు తక్కువ. పాటలోనే ఆ బాధ ఉన్నది. పుట్టింటి తలపోతలు, అత్తవారింటి ఆరళ్ళు తిరగలి పాటల్లో అంతగా చోటుచేసుకోవడం యాదృచ్ఛికం కాదు. పాటను సేకరించి, శ్రమను వదిలిన పద్ధతి మన జానపద అధ్యయనాల్లో ఉంది. దాన్ని సవరించుకోవలసిన అవసరమూ ఉంది.

అటుపక్క, యంత్రం వచ్చాక శ్రమ తీరిందన్న వాదం కూడా నిలవదు. అమెరికన్ గృహ సాంకేతికత చరిత్రను పరిశీలించిన రూత్ ష్వార్జ్ కోవాన్ 1983లో వెలువడిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' గ్రంథంలో యంత్రాలు ఇంటిపని స్వరూపాన్ని మార్చాయే తప్ప తల్లి భారాన్ని ఆశించినంతగా తగ్గించలేదని నిరూపించారు. తెలుగులో ఈ మాట కవిత్వం ద్వారా వచ్చింది. విమల 'వంటిల్లు' కవితలో గ్యాసు, గ్రైండరు వంటి సౌకర్యాలు చేరిన ఆధునిక వంటిల్లు కూడా కనిపిస్తుంది. ఆ సౌకర్యాలు వంటింటికీ స్త్రీకీ మధ్యనున్న ముడిని విప్పలేదన్నది ఆమె అభియోగం. స్త్రీవాద విమర్శ ఈ కవితను వంటింటి నిరాకరణగా చదివింది. వస్తుచరిత్ర దృష్టితో చదివితే, గ్రైండరు అనే మాట తెలుగు కవిత్వంలోకి నిందితుల జాబితాలో ఒకటిగా ప్రవేశించడం కూడా గమనించదగినదే.

వారానికొకసారి రుబ్బి రెండుపూటలు వాడుకునే పిండి, మిక్సీ వచ్చాక ఏ రోజుకారోజు వేయగలిగినదైంది. పండుగకు మాత్రమే నూరే పచ్చళ్ళు వారపు భోజనంలోకి వచ్చాయి. పని తేలికైనకొద్దీ ఆశించే వంటకాల సంఖ్య పెరిగింది. రోజూ వాడకానికి తగిన మిక్సీ కావాలని అడగడంలోని 'రోజూ' అనే మాట వయసు చాలా తక్కువ. రోటి కాలంలో గారెలు రోజూ ఎవరూ అడిగేవారు కాదు. ఇంటింటి మిక్సీ తెల్లవారి ఎన్ని గంటలకు మొదలవుతుందో అపార్ట్‌మెంట్లలో నివసించే వారందరికీ తెలుసు. ఆ చప్పుడు వచ్చే గదిలో ఆ వేళ మేలుకుని ఉన్నది ఎవరో కూడా తెలుసు.